ఎత్తుకొని తాగే నీళ్లు

జూన్ 9, సోమవారం

నాన్నకి స్ట్రోక్ వచ్చి నెల దాటింది. కాలు కొంచెం కదులుతోంది. గొంతు మాత్రం మొండికేసింది. తాగిన నీళ్లు కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయని ఎక్స్‌రేలో తేలింది. ఏం తాగించినా బాగా చిక్కగా కలపాలని, గడ్డం ఛాతీకి ఆనించి స్పూన్‌తో మింగించాలని నారాయణగూడ హాస్పిటల్లో థెరపిస్ట్ చెప్పింది. న్యుమోనియా వస్తే తట్టుకోలేడని కూడా చెప్పింది. అదీ ఆయన ముందే.

చిక్కడపల్లిలో మెడికల్ షాపు నుంచి నీళ్లు చిక్కబరిచే థిక్కనర్ పొడి డబ్బా తెచ్చాను. ఒక్క స్పూన్ మింగి మొహం తిప్పేశాడు. చీమిడిలా ఉందట. నేనూ తిని చూశాను. నిజమే.

జూన్ 12

నేను ఉద్యోగంలో చేసేదే ఈ పని. ముషీరాబాద్ ల్యాబ్‌లో ఇన్నేళ్లుగా కర్రపెండలం స్టార్చ్‌తో కుస్తీ. కెమికల్ ఏదీ వెయ్యకుండా వట్టి వేడితో, తడితో దాని గుణం మార్చడం. ఇప్పుడొక సాస్ కంపెనీ కోసం చేస్తున్నాను. ఎవరెవరి సాసులనో చిక్కగా చేసేదాన్ని, మా నాన్నకి గ్లాసెడు నీళ్లు చెయ్యలేనా?

చేశాను. ఉడికిన స్టార్చ్‌ని వేడి డ్రమ్ము మీద పలచగా పూస్తే అప్పడంలా ఊడి వస్తుంది. పొడి కొడితే చల్లటి నీళ్లలో కూడా చిక్కబడుతుంది. వాసన లేదు, రుచి లేదు. బట్టలకి పెట్టే గంజి నాకు పెడుతున్నావా అన్నాడు. కానీ మొత్తం తాగాడు. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. అమ్మ పోయాక మేమిద్దరమే కదా.

జూన్ 15, ఆదివారం

ఆశమ్మకి నేర్పాను. పగలు నాన్నని చూసుకునేది ఆమే. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి పక్క బస్తీలో ఉంటోంది. ఆయన నోట్లో పెట్టిన స్పూన్ మళ్లీ గ్లాసులో ముంచొద్దన్నాను. ఉమ్మి తగిలితే స్టార్చ్ విరిగి కాసేపటికి నీళ్లయిపోతుంది.

నాన్న మంచం మీద నుంచి అంతా వింటున్నాడు. ఎంగిలి మాట వస్తే ఆయనకి చెవులు నిక్కబొడుచుకుంటాయి. జన్మలో గ్లాసు పెదవికి ఆనించి తాగిన మనిషి కాదు. కోఠిలో తన షాపులో అయినా, రైల్లో అయినా అంతే. తల వెనక్కి, గ్లాసు పైకి, జానెడు ఎత్తు నుంచి ధార. చొక్కా మీద చుక్క పడదు.

జూన్ 19

స్పూన్ వద్దంటున్నాడు. చంటిపిల్లాడికి పట్టినట్టు పడుతున్నావని కోపం. రోజంతా నోరు బిగించుకుని కూర్చున్నాడు.

జూన్ 20

ఇవాళా అంతే. మూత్రం ముదురు పసుపు. డాక్టర్ ముక్కులో ట్యూబ్ వేద్దామన్నాడు. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.

జూన్ 21, సాయంత్రం

మాట్లాడాడు. స్ట్రోక్ తర్వాత ఇంత పొడుగు మాట ఇదే. ఒక్కో ముక్కా కూడదీసుకుని అన్నాడు.

“నీ పొడికి ఎంగిలి పడదంటివి గద బిడ్డా. ఎత్తుకొని తాగితే ఎంగిలే కాదు. మరి నా పద్ధతే కరెక్టు గద.”

నవ్వొచ్చింది. ఆ ఒక్క ముక్కలో తప్పు పట్టడానికి లేదు. కానీ తల వెనక్కి వంచితే ఊపిరి దారి తెరుచుకుంటుంది. చెప్పాను. గట్టిగా చెప్పలేదు. షాపులో బేరం గెలిచినట్టు నా వైపు చూస్తున్నాడు. ఆ చూపు చూసి ఎన్నాళ్లయిందో.

జూన్ 24

నా పొడి ధార కట్టదు. జిగురులా సాగి గడ్డం మీద పడుతుంది. దానికి మందు నాకు తెలుసు. స్టార్చ్‌ని కొంచెం తడితో డబ్బాలో గట్టిగా మూసి, ఉడికించే ముందే ఓవెన్‌లో పెట్టాలి. అప్పుడు సాగకుండా తుంచినట్టు పడుతుంది. సాస్ కోసం పెట్టిన డబ్బాలోంచే కొంత తీశాను. మిగతాది శాంపిల్‌గా పంపాను. ఇంటికొచ్చి గ్లాసులో పొడి కాస్త తగ్గించాను కూడా.

థెరపిస్ట్‌ని అడగలేదు. అడిగితే వద్దంటుంది.

జూన్ 25

తాగాడు.

స్టీలు గ్లాసు పైకెత్తాడు. చెయ్యి వణికితే ఆశమ్మ మోచెయ్యి పట్టుకుంది. ధార సన్నగా, నిదానంగా దిగింది. చొక్కా తడవలేదు. ఇంకో గ్లాసు అడిగాడు. సారు పెండ్లికొడుకు లెక్క ఉన్నడని ఆశమ్మ మురిసిపోయింది. మెట్లు దిగుతుంటే ఎదురైన కోచింగ్ పిల్లలకి కూడా చెప్పిందట. మా అశోక్‌నగర్‌లో ఇవాళ నా అంత గొప్ప సైంటిస్టు లేదు.

జూన్ 28

ఒక్క దగ్గు కూడా లేదు.

జూన్ 30

జ్వరం. ఐసీయూ.

తాగింది దగ్గకుండానే ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో కొందరికి దగ్గే రాదట. అది చూసే కదా నేను సంబరపడ్డది.

జూలై 2

సాస్ కంపెనీ నుంచి మెయిల్. శాంపిల్ పాస్. సీసాలోంచి తుంచినట్టు పడుతోందని మెచ్చుకున్నారు. ఆ డబ్బాలోదే.

జూలై 5

హాస్పిటల్ మెట్ల మీద ఆశమ్మ నా పక్కన కూర్చుంది. కొంగు నలుపుకుంటూ, “చెయ్యి పట్టింది నేనే గదా అరుంధతక్కా” అంది.

నీ తప్పు కాదన్నాను. మరి ఎవరిదో చెప్పే ధైర్యం రాలేదు. ఆమె నా వీపు నిమిరింది. అది భరించలేకపోయాను.

జూలై 8

నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దని మంచానికి బోర్డు తగిలించారు. పెదాలు పగిలి ఉన్నాయి. నన్ను చూసి బొటనవేలు నోటివైపు చూపించాడు. నీళ్లు. తడి దూది అద్దాను. మళ్లీ చూపించాడు. మళ్లీ అద్దాను. ఇక చూపించలేదు.

జూలై 11

ఆఖరి ఘడియ అన్నారు. తులసి నీళ్లు పొయ్యమన్నారు. నర్సు బోర్డు తీసేసి పక్కకి తిరిగింది.

పొడి కలిపి పోశాను.