కుమారు డాక్టరుగారి ‘నీవు’

ధవళేశ్వరం,
సోమవారం.

ప్రియమైన బావగారికి,

ఎజ్రా వందనాలు. ఫోన్ చేస్తే మీ చెవి మిషను ఈల వేయడం తప్ప ఇంకేమీ జరగదు కనుక ఉత్తరం రాస్తున్నాను. అక్క చేత చదివించుకోకండి, మీరే చదవండి.

ఎలియా కిమారో డాక్టరుగారు పోయిన బుధవారం నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. గురువారం సమాధి చేశాం. విరిగిన కాలుతో మీరెలాగూ కదల్లేరని ఎవరూ కబురు చేయలేదు. గట్టు మీది మిషన్ ఆసుపత్రిలో ఆయన దగ్గర అంతకాలం కాంపౌండరుగా చేసిన మనిషికి ఆ మాట నేనే చెప్పాలనిపించింది. వచ్చే శనివారం చర్చిలో ఆదరణ కూడిక. ఆయన గురించి మాట్లాడమని పాస్టరు ప్రసన్నకుమార్ గారు నన్ను అడిగారు. నేను మాట్లాడను. అసలు వెళ్ళను కూడా. కారణం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

ఆయన టాంజానియా నుంచి కాకినాడకు వైద్యం చదవడానికి వచ్చి, చదువయ్యాక మన ఆసుపత్రిలో చేరి, ఇక్కడే ఉండిపోయారు కదా. కొత్తలో ఆయన తెలుగంతా బైబిల్లోంచి నేర్చుకున్నదే. ఇరిగేషన్ ఇంజనీరుగారు గొంతు నొప్పితో వస్తే, “నీవు భయపడకుము, నోరు తెరువుము” అన్నారు. ఇంజనీరుగారు నోరు తెరిచింది తిట్టడానికి. మర్నాడే పెద్ద డాక్టరమ్మగారు నన్ను పిలిచి, “మాస్టారూ, ఈయనకి మనుషులు మాట్లాడే తెలుగు నేర్పండి” అన్నారు. వాళ్ళ భాషలో చిన్నాపెద్దా అందరికీ ఒకటే మాటట. సాయంత్రాలు కూర్చోబెట్టి మీరు, అండి, గారు నేర్పాను. నేర్చుకున్నాక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. రిక్షా అబ్బులు ‘మీరు’. చేపలమ్మే పెద్దింట్లమ్మ ‘మీరు’. ఆవిడకు పుట్టిన పిల్లను తలకిందులుగా పట్టుకుని, “ఏడవండి, కాస్త గట్టిగా ఏడవండి” అన్నారట. వాళ్ళ పేట ఆడవాళ్ళు జ్వరం లేకపోయినా ఆ పిలుపు కోసం వస్తున్నారని మీరే నవ్వేవారు. కిమారో అనడానికి నోరు తిరగక వాళ్ళు ఆయన్ని కుమారు డాక్టరుగారిని చేసుకున్నారు.

ఊరందరూ ‘మీరు’. నేనొక్కణ్ణి ‘నీవు’.

మా నాన్న కూలికి వెళ్ళిన చోట పాలు తాగే పిల్లాడు కూడా ఆయన్ని ఒరే అనేవాడు. ఆయన అయ్యా అని పలికేవాడు. నేను టీచరు ట్రైనింగు చదివింది జీతం కోసం కాదు బావగారూ, పేరు చివర గారు కోసం. అది సంపాదించుకున్నాననే అనుకున్నాను. నా రిటైర్మెంటు సభలో, మైకులో, ఊరంతా వింటుండగా డాక్టరుగారు “ఎజ్రా, నీవు మంచి ఉపాధ్యాయుడవు” అన్నారు. వెంటనే వాచ్‌మన్ చిట్టియ్య వైపు తిరిగి “మీరు నిలబడ్డారేంటండి, కూర్చోండి” అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంత దూరదేశం నుంచి వచ్చిన మనిషికి కూడా నన్ను చూడగానే మా నాన్న కూలిబతుకే కనిపించిందా అనుకున్నాను. మర్నాటి నుంచి రోజూ సాయంత్రం టీకి ఆయనింటికి వెళ్ళడం మానేశాను. ఆదివారాలు మాత్రం ఎదురుపడక తప్పేది కాదు. చర్చి గంట కొట్టేది ఆయనే, గుమ్మంలో నిలబడి పాటల పుస్తకాలు అందించేదీ ఆయనే. వందనాలండి అని పుస్తకం తీసుకుని లోపలికి పోయేవాణ్ణి. ఎందుకు రావడం లేదని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పోయారంటే బాధ లేదనను. కానీ అందరి ముందు నిలబడి పొగడ్తలు చదవడం నావల్ల కాదు.

కాలు జాగ్రత్త.

మీ బావమరిది,
ఎజ్రా


పట్టిసీమ,
గురువారం.

ఎజ్రాకు,

మీ అక్కా నేనూ బాగానే ఉన్నాం. పోస్టులో వేస్తే కూడిక అయిపోయాక అందుతుందని, రాజమండ్రి వస్తున్న మా పక్కింటి మురళీకృష్ణ చేతికి ఇది ఇస్తున్నాను. ఆయన సమాధిలో పిడికెడు మట్టి వేసే రాత నాకు లేకపోయింది. నీ ఉత్తరం చదివి ఏడ్చాను, తర్వాత నీమీద కోపం వచ్చింది.

మీ అక్కను చేసుకున్న నాటి నుంచి నేను నిన్ను ఒరే అంటున్నాను. ఎప్పుడైనా ఒళ్ళు మండిందా?

ఒకరోజు మందుల గదిలో ఆయన్ని నేనే అడిగాను. “నన్ను మీరు అంటారు. వరండాలో కుక్కని కాస్త జరగండి అంటారు. మా బావమరిదిని నీవు అంటారేంటండి?” అన్నాను. ఆయన ఇలా అన్నారు: “మాస్టారే నేర్పారండి. ప్రార్థనలో దేవుణ్ణి నీవు అంటున్నారు, తాసిల్దారుని మీరు అంటున్నారు, ఎవరు పెద్దండి అని అడిగాను. సొంతవాళ్ళ దగ్గర మర్యాదలేంటండి, దేవుడు మనవాడు కాబట్టే నీవు అంటాం అన్నారు.” కాసేపు సీసాలు సర్ది, మళ్ళీ అన్నారు. “ఈ దేశంలో నాకు అమ్మ లేదు, తమ్ముడు లేడండి. నీవు అనే మాట ఒక్కరి దగ్గరన్నా వాడుకోవాలి కదండి.”

పాఠం చెప్పింది నువ్వే కనుక నీకు తెలిసే ఉంటుందనుకున్నాను. మొన్న క్రిస్మస్ వెళ్ళాక ఆయన ఇక్కడికి వచ్చారు. ఎజ్రా అన్నారు, టీ అన్నారు, నా తెలుగులో తప్పు అని ఇంకేదో అన్నారు. నా చెవి సంగతి తెలుసుగా, నవ్వి తలూపాను. ఏమడిగారో ఇవాళ నీ ఉత్తరం చదివాక అర్థమైంది. ఆయన జవాబు కోసం నా మొహంకేసి చూస్తూ కూర్చున్నారు.

వెళ్తావో మానతావో నీ ఇష్టం.

మీ బావ,
జీవరాజు


ధవళేశ్వరం,
ఆదివారం.

ప్రియమైన బావగారికి,

మీ ఉత్తరం శుక్రవారం అందింది. ఆ పాఠం చెప్పినట్టు నాకు గుర్తే లేదు. బడిలో అంతమందికి చెప్పాను, నా మాట ఇంత శ్రద్ధగా పట్టుకున్న విద్యార్థి మరొకరు లేరు. నేను మానేసిన టీలన్నీ ఇప్పుడు నాకు కావాలనిపిస్తోంది.

కూడికకు వెళ్ళాను. పాస్టరుగారు చదవమని ఒక కాగితం ఇచ్చారు. అందులో వాక్యానికొక గారు ఉంది. మడిచి జేబులో పెట్టుకుని ఫొటో వైపు తిరిగాను.

“ఎలియా, నీవు పాటలు రాగం తప్పి పాడితివి. గంట మాత్రం ఒక్క ఆదివారం కూడా తప్పకుండా కొట్టితివి. నీ తెలుగులో తప్పు లేదు. వినడంలో నాదే తప్పు” అన్నాను. అంతే చెప్పి కూర్చున్నాను.

వెనక చాపల మీద పేటవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళలోంచి పెద్దింట్లమ్మ లేచింది.

“ఏంటండి మేస్టారూ, అంతటి డాక్టరుగారిని పట్టుకుని నువ్వు నువ్వు అంటున్నారు? ఆయన మమ్మల్ని ఒక్కనాడు కూడా అలా అనలేదండి” అంది.

పాస్టరుగారు ఏదో సర్దిచెప్పబోయారు. నేను మళ్ళీ లేచాను. కథంతా చెప్పే ఓపిక నాకు లేదు.

“మావాడమ్మా” అన్నాను.

ఆవిడ కాసేపు నా మొహం చూసి, “అలాగైతే సరేనండి” అని కూర్చుంది.

మీ
ఎజ్రా