తలా ఒక కొబ్బరిముక్క

మాచర్ల,
బుధవారం.

పున్నారావు బావకి,

నేను నీ ఫోన్ ఎత్తట్లేదని అక్క చేత చేయించావు. దాని మీద అరవలేక ఈ ఉత్తరం రాస్తన్నా. అక్కకి కూడా చదివి వినిపించు.

మన స్టీలు ఫ్యాక్టరీలో ఇనుము కరిగించే ఫర్నేస్‌ని ఎవరో ఒడిశా వాళ్ళు కొన్నారంట. అక్కడ బిగించేటప్పుడు పక్కనుండి చూపించడానికి నన్ను పదిరోజులు రమ్మంటన్నావంట. ఏంది బావా, అడగడానికి సిగ్గు లేదా?

రిపేరుకి పదిరోజులు ఆపుతున్నామని మాకు చెప్పిన మేనేజరువి నువ్వే. నమ్మాం. వేడికి దాని రాగి కాయిల్ చెడిపోకూడదని, ఫర్నేస్ ఆపాక కూడా రెండు రోజులు దగ్గరుండి కాయిల్‌లో నీళ్ళు తిప్పాం. మళ్ళీ నడుపుకునేది మేమే కదా అనుకున్నాం. పదకొండో రోజు పోతే గేటుకి తాళం. ఇక పని లేదని నూట నలభై మంది పేర్లు రాసి ఆ గేటుకే అంటించారు. మేం అంత జాగ్రత్తగా ఆపబట్టే దానికి మంచి బేరం వచ్చింది.

అమ్మకం సంగతి నీకు ఫర్నేస్ ఆపడానికి రెండు నెలల ముందే తెలుసంట. మొన్న అక్కే నోరు జారింది.

నేను రాను. సోమవారం అందరం గేటు ముందు కూర్చుంటన్నాం. నువ్వే రా. తెలిసి కూడా దాచానని మా మొహం చూసి చెప్పు.

ఫర్నేస్ ఆపిన రోజు, తొందరగా మళ్ళీ నడవాలని దాని ముందు కొబ్బరికాయ కొట్టావు. నీ చేత్తోనే తలా ఒక ముక్క పెట్టావు. నేను కళ్ళకద్దుకుని తిన్నాను బావా.