కంచంలోంచి తీసిన అన్నం

ఏవండీ, కూర పొయ్యి మీద గిన్నెలో ఉంది, వేడి చేసుకోండి. అమ్మాయి యూనిఫాం కుట్టి కుర్చీ మీద పెట్టాను. టైలరింగ్ షాపులో పని చాలా ఉంది, ఆలస్యంగా వస్తాను.

నిన్న మీ చెల్లెలి ముందు నా కంచంలోంచి అన్నం తీసేశారు. "తగ్గుతానని నువ్వేగా అన్నావు!" అని నవ్వారు. ఆవిడా నవ్వింది. అవును, నేనే అన్నాను. పెళ్లయిన దగ్గర్నుంచీ అంటూనే ఉన్నాను. మీరు ఏనాడూ అనుకోలేదు, కంటికి కనిపించిందల్లా తింటారు. అయినా మీ ప్యాంటు నడుము ఒక్కసారీ విప్పి కుట్టే పని పడలేదు. నేను లేస్తూనే నోరు కట్టుకోవాలనుకుంటాను, నా జాకెట్లు మాత్రం ఏటా వదులు చేసుకుంటున్నాను. నిన్న మీరు చెయ్యి కడుక్కున్నాక వంటింట్లో నిలబడి, గిన్నె అడుగున మిగిలిందంతా ఊడ్చుకు తిన్నాను. ఆకలికి కాదు, ఉక్రోషానికి. ఇకమీదట నా కంచం జోలికి రాకండి.

మరిచాను. మీ చెల్లెలు వెళ్తూ గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "ఏమనుకోకు వదినా, నవ్వకపోతే అన్నయ్య నా కంచం వైపు చూస్తాడని భయమేసింది" అంది.