చమ్కీ నోట్లో జరీ పోగు

సూరత్,
ఆదివారం

బావా,

పక్క గది పరుశురాం మన ఊరికి బయలుదేరుతుంటే ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. నువ్వు స్పీకర్ పెట్టి మాట్లాడతావు, అత్తమ్మ పక్కనే ఉంటుంది. నువ్వు వెళ్లిందే ఆమెను చూసుకోవడానికి; దగ్గు తగ్గక ఆమె మంచం పట్టి ఉంటే నేను పిల్లి సంగతి ఎట్లా ఎత్తేది? అందుకే అడిగినప్పుడల్లా "మంచిగున్నం" అంటూ వచ్చాను. ఇది ఆమె లేనప్పుడు చదువు.

మన చమ్కీకి చావు తప్పింది. రెండు రోజులు ముద్ద ముట్టలేదు, తాగిన నీళ్లు కూడా కక్కింది. నోరు తెరిచి చూస్తే నాలుక కింద జరీ పోగు మెరుస్తోంది. నా చేతులు ఊరుకుంటాయా? పొద్దంతా చీరల వెనక వేలాడే పోగులు లాగి కత్తిరించే చేతులాయె. పట్టుకుని కొంచెం లాగాను. పిల్లి అరిచిన అరుపుకు భయపడి వదిలేసి, గంపలో వేసుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాను.

డాక్టరమ్మ తిట్టింది. "ఇంకొంచెం లాగి ఉంటే పేగులు కోసుకుపోయేవి, బేన్" అంది. పోగు ఒక కొస నాలుకకు చుట్టుకుని, మిగతాది పేగుల్లోకి దిగిందట. కడుపు కోసి తీసి చూపించింది. జరీ పోగులు, చీరల కవర్ల ముక్కలు ఉండ కట్టి ఉన్నాయి. జరీ జరీ అని మురిసిపోతాం గానీ అదంతా ప్లాస్టికేనట, అరగదట. ఇప్పుడు కుట్లతో పడుకుని మెత్తటి అన్నం కాస్త నాకుతోంది.

"మళ్లీ మింగితే బతకదు. ఆ పని చేసే చోట పిల్లిని ఉంచకు" అని చెప్పి పంపింది. మనకున్నది ఒక్క గది. రింగ్ రోడ్ దుకాణాల నుంచి వచ్చే చీరల మూటలు, పొయ్యి, పడక, అన్నీ అందులోనే. ఎంత ఊడ్చినా అన్నంలో పోగు మెరుస్తూనే ఉంటుంది. పళ్లెం అంచున పెట్టి తింటాను. పని మానలేం కదా. అందుకని చమ్కీని పల్సానాలో ఉండే మన ఊరి జమునకు ఇస్తానని మాటిచ్చాను. నువ్వు పనిచేసే మగ్గాల షెడ్డు నుంచి చొక్కాలో పెట్టుకుని తెచ్చిన పిల్లి. నిన్ను అడగకుండా ఇస్తున్నాను, కోపం చేసుకోకు.

ఇంకొక్క మాట. డాక్టరమ్మ చివర్లో, "ఆ గదిలో ఇంకా ఎవరుంటారు?" అని అడిగింది. పగలంతా నేనే ఉంటానన్నాను. నా కొంగుకు అంటుకున్న జరీ పోగొకటి తీసి నా చేతిలో పెట్టింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పిల్లి కోసమనుకున్నారు అందరూ. నేను అలసిపోయాను బావా.

నీ
వినోద

* * *

వినోదా,

నీ ఉత్తరం చాటుగా చదవడం నా వల్ల కాలేదు. అమ్మ చూసి, "ఏంది రా, గోడకు తిరిగి సదువుతున్నవ్? జర గట్టిగ సదువు" అంది. చదివాను. పిల్లికి ఆపరేషన్ అన్న చోట తిడుతుందని ఆగాను. తిట్టలేదు. అన్నంలో పోగులన్న చోట మాత్రం మళ్లీ చదవమంది.

దగ్గు తెర ఆగాక అంది: "నేను గీ ఇంట్లనే బీడీలు చేసిన. తంబాకు చాట పక్కకే వెట్టుకొని బువ్వ తిన్న, నిన్ను పండవెట్టిన. గా తంబాకు తిని మేకపిల్ల సచ్చింది. మేకల్ని ఇంట్లకు రానియ్యకు అన్నరు. మేకల్ని అమ్మిన గని చాట తియ్యలే. ఇప్పుడు గీ దగ్గు ఎవ్వలకచ్చింది? పిల్లిని పంపుడు గాదు, గా మూటల్ని బయటికి పంపుమను."

సూరత్‌లో మనం అద్దెకుండే ఇంటి డాబా మీద రేకుల గది ఖాళీగానే ఉంది కదా. దానికి రెండు వైపులా కిటికీలున్నాయి. ఇంటాయనతో ఫోన్‌లో మాట్లాడాను. పక్క గదుల ఆడవాళ్లు కూడా కలిస్తే అద్దె పంచుకోవచ్చు. చేతికి వచ్చేది తగ్గుతుంది, తగ్గనీ. మూటలు, కవర్లు అన్నీ పైనే ఉండాలి. పనిలో వేరే చీర కట్టుకో, దిగేముందు మార్చుకో. చమ్కీ మన దగ్గరే ఉంటుందని జమునకు నేను చెప్పుకుంటాను.

ఇన్నాళ్లూ నీ పక్కనే కూర్చుని తిన్నాను. పళ్లెం అంచున నువ్వు పెట్టే పోగులు చూశాను. ఒక్కసారీ అడగలేదు.

వచ్చే ఆదివారం ఫోన్ చేస్తాను. స్పీకర్ పెట్టే ఉంటుంది. నీకూ దగ్గు వస్తోందా అని అమ్మ అడుగుతుంది. మంచిగున్న అని మాత్రం చెప్పకు.

మల్లేష్