నా రాజీనామా నా బల్ల మీదికే వచ్చింది

మార్చి 2, సోమవారం

తేల్చేశాను! ఉద్యోగం మానేస్తున్నాను. పొద్దుటి నుంచి కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

ఇన్నేళ్ళుగా నా పనేమిటయ్యా అంటే, మా కంపెనీలో ఎవరు రాజీనామా ఇచ్చినా వాళ్ళని నా గదిలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మెల్లగా మనసు మార్చి వెనక్కి పంపడం. దాదాపు అందరూ మారిపోతారు. నా వెనకాల నన్ను 'జిగురు మేడం' అంటారని తెలుసు. తెలిసీ మురిసిపోయేదాన్ని, సిగ్గు లేకుండా.

ఇక చాలు. ఆదివారాలు నేను వడ్రంగం నేర్చుకుంటున్న షెడ్డులో మేస్త్రిగారికి రోజూ పనిచేసే మనిషి కావాలట. "మీ చెయ్యి బాగుందమ్మా. ఒకటో తారీఖు నుంచి వస్తానంటే ఇంకెవర్నీ చూడను. పదహారులోగా చెప్పండి" అన్నారు. చెక్కకి చిత్రిక పడుతుంటే పల్చటి పొరలు చుట్టలు చుట్టుకుంటూ కాళ్ళ మీద పడతాయి. ఆ కాసేపూ నాకు ఆఫీసు గుర్తురాదు. నా పేరు కూడా గుర్తురాదు.

అత్తగారికి చెప్పాను. టీవీ కట్టేశారు! ఆవిడ టీవీ కట్టేయడమంటే మాటలు కాదు.

"మానెయ్యవే తల్లీ. ముందు నా మంచం పక్కన ఓ చిన్న బల్ల చెయ్యి. సొరుగుండాలి. దానికి తాళం కూడా."

"తాళమెందుకు అత్తయ్యా?"

"నీకెందుకు?"

మార్చి 3, మంగళవారం

ఇచ్చేశాను!! రెండే లైన్లు. మేనేజరు చదివి, లేచి నిలబడి మరీ షేక్‌హ్యాండ్ ఇచ్చారు. తర్వాత కూర్చుని, ముద్ర కొట్టి, అదే కాగితం తిరిగి నా చేతిలో పెట్టారు.

"ఇదేంటి సార్?"

"రాజీనామా ఏదైనా ముందు మీ దగ్గరికే కదా మేడం రావాల్సింది. మాట్లాడి, సంతకం పెట్టి పంపితేనే నేను ఒప్పుకోవాలి. రూలు."

"ఎవరు పెట్టారండీ ఈ దిక్కుమాలిన రూలు?"

ఆయన నావైపు జాలిగా చూశారు.

ఓహో. నేనే.

మార్చి 5, గురువారం

ఏముంది, నాతో నేను ఓ పావుగంట మాట్లాడుకుంటే సరి. తలుపు వేసుకున్నాను. టీలు రెండు తెప్పించాను, పద్ధతి పద్ధతే. నా కుర్చీలో కూర్చుని అడగడం, ఎదుటి కుర్చీలోకి మారి జవాబు చెప్పడం.

"ఎందుకు వెళ్ళిపోదామనుకుంటున్నారు?"

"చెక్కపని చేసుకుందామని."

"చాలా సంతోషం." ఇక్కడ ఇక మాట్లాడకూడదు. మనం ఊరుకుంటే ఎదుటివాళ్ళే ఉండబట్టలేక వాగేస్తారు. ఇది నా కిటుకే.

"అంటే... ఇంకా అంత బాగా ఏం రాదనుకోండి. నేను చేసిన స్టూలు కాస్త ఊగుతుంది."

"అయ్యో, ఊగుతుందా?"

గాలానికి చేప పడింది! ఆ చేప నేనేనని కాసేపటికి గానీ వెలగలేదు. "మీరు వెళ్ళిపోతే కొత్తగా చేరిన పిల్లలకి దిక్కెవరు?" అనేసరికి కళ్ళనీళ్ళు తిరిగాయి. టిష్యూల డబ్బా నా వైపు నేనే జరుపుకున్నాను. కప్పులకోసం వచ్చిన అటెండరు తలుపు తీసి, నన్ను చూసి, చప్పుడు కాకుండా మళ్ళీ వేసేశాడు.

ఫారంలో ఇలా రాశాను: "మెత్తబడ్డారు. కొంత గడువు అడిగారు."

మార్చి 9, సోమవారం

అసలు తొందరేముంది? పదహారు ఇంకా రాలేదు. పైగా నడుంనొప్పి. పైగా ఈ నెల ఆఫీసులో ఊపిరాడని పని. పైగా రంపానికి పదును పెట్టించాలి. అది నా రంపం కాదనుకోండి.

అత్తగారు ఇదంతా విని, "అయితే నా బల్ల?" అన్నారు. మా కోడలు వడ్రంగి అని అపార్ట్‌మెంట్ అంతా చెప్పేశారట. రెండో అంతస్తు నర్సుకి పుస్తకాల అలమర కూడా ఒప్పేసుకున్నారట.

"ఇప్పుడు ఆ పిల్లకి నా మొహం ఎలా చూపించను?"

"లిఫ్టులో వెళ్ళకండి అత్తయ్యా."

రాత్రి టీవీ సౌండు పెంచేశారు.

మార్చి 11, బుధవారం

ఉపాయం! నాతో మీరే మాట్లాడండి సార్ అని మేనేజరుని అడిగాను. మనిషిని ఒప్పించడం ఆయన వల్ల కాదు. సొంత భార్యని సినిమాకి కూడా ఒప్పించలేరు. ఇక నాకు అడ్డేముంది?

కూర్చున్నాం. ఆయన గొంతు సవరించుకుని, "వెళ్ళకండి మేడం" అన్నారు. అంతే, అయిపోయింది. సంతకానికి పెన్ను తీశారు.

నాకు ఒళ్ళు మండింది. "ఇదేంటి సార్, ఇలాగేనా మనిషిని ఆపేది? ముందు టీ ఇవ్వాలి. ఇంట్లో ఏమంటున్నారని అడగాలి. ఇటు కూర్చోండి. మీరు నేను, నేను మీరు. చూడండి ఎలా చెయ్యాలో."

చూపించాను. నా గురించి నేనే ఎంత గొప్పగా చెప్పానంటే, ఆయన చప్పట్లు కొట్టారు. ఆ మునగచెట్టు దిగడం నా వల్ల కాలేదు. ఉండిపోతానన్నాను.

కొత్త కుర్చీ కూడా ఇస్తారట. గిర్రున తిరిగేది.

మార్చి 13, శుక్రవారం

క్యాషియరుగారి రాజీనామా వచ్చింది. ఏనాడూ నోరెత్తని పెద్దమనిషి. టీ ముట్టుకోలేదు. "వెళ్ళి ఏం చెయ్యాలో తెలీదు మేడం. ఇక్కడ మాత్రం ఉండలేను" అన్నారు.

ఇలాంటి వాళ్ళని ఆపడం ఎంతసేపు! "ఏమీ చూసుకోకుండా ఎలా వెళ్తారండీ?" అంటే చాలు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. షెడ్డు గురించి చెప్పడం మొదలుపెట్టాను. చెక్క వాసన, చిత్రిక చప్పుడు, అరచేతికి తగిలే నునుపు. ఎంతసేపు చెప్పానో నాకే తెలీదు.

"ఎక్కడ మేడం ఆ షెడ్డు?" అన్నారు.

దారి చెప్పాను. బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆయన కాగితం మీద సంతకం పెట్టేశాను.

మార్చి 16, సోమవారం

గడువు ఇవాళే. కుర్చీ వద్దు, ఏమీ వద్దు, వస్తానని చెప్పేద్దామని సాయంత్రం షెడ్డుకి పరిగెత్తాను.

లోపల క్యాషియరుగారు! ఏప్రాన్ కట్టుకుని, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని.

"మేడం! అంతా మీ పుణ్యమే!"

మేస్త్రిగారు నెత్తి గోక్కున్నారు. "మీ దగ్గర్నుంచి కబురే లేదు. ఈయన శనివారం పొద్దున్నే వచ్చారమ్మా. మీరే పంపారన్నారు. మీకు రావాలని లేదేమో, అందుకే మనిషిని పంపారనుకున్నాను."

నవ్వాను. చాలా సంతోషం అన్నాను. రోడ్డు మలుపు తిరిగాక ఏడ్చాను. నా మీద నాకే అసహ్యమేసింది. చేతిదాకా వచ్చినదాన్ని నా నోటితో నేనే పోగొట్టుకున్నాను.

మార్చి 18, బుధవారం

దుర్బుద్ధి పుట్టింది. ఇంతమంది మనసులు మార్చినదాన్ని, క్యాషియరుగారి మనసు మార్చి మళ్ళీ ఆఫీసుకి పంపలేనా? ఫ్లాస్కులో టీ పోసుకుని, టిష్యూల డబ్బా సంచిలో వేసుకుని బయల్దేరాను.

"ఇంట్లో ఏమంటున్నారండీ?" అని మెల్లగా మొదలుపెట్టాను.

"నేను ఈల వేస్తున్నానని మా ఆవిడ కంగారుపడుతోంది మేడం."

తను చేసిన సొరుగు లాగి చూపించారు. సగంలో ఇరుక్కుంది. ఆయన పడీపడీ నవ్వారు. ఆయన నవ్వగా నేను ఇన్నేళ్ళలో చూడలేదు. నోటిదాకా వచ్చినవన్నీ మింగేసి, టీ పోశాను. ముగ్గురం తాగాం.

వచ్చేముందు సిగ్గు విడిచి మేస్త్రిగారిని అడిగాను. జీతమిచ్చే చోటు నిండిపోయింది. కావాలంటే మూడు నెలలు ఊరికే నేర్చుకుంటూ, పొట్టు ఊడుస్తూ ఉండొచ్చట. పని పురమాయించేది ఎవరయ్యా అంటే, క్యాషియరుగారు!

మార్చి 22, ఆదివారం

మానేస్తున్నాను. మళ్ళీ! ఒకటో తారీఖు నుంచి పొట్టు ఊడుస్తాను. మూడు నెలలు ఎలాగోలా లాగుదాంలే అన్నారు మా ఆయన.

రేపు ఉత్తరం ఇవ్వాలి. మళ్ళీ అదే ముద్ర, అదే రూలు. ఆ గదిలో నాకు నేను దొరికానా, చచ్చానన్నమాటే. మేనేజరుని కూర్చోబెట్టినా మళ్ళీ నేనే పాఠం చెప్పేస్తాను. ఎందుకైనా మంచిదని రూలు తీసి చదివాను. మాట్లాడాలి, సంతకం పెట్టాలి అని ఉంది. మాట్లాడేది ఆఫీసు మనిషే అయ్యుండాలని మాత్రం రాయడం మర్చిపోయాను! మేనేజరుకి ఫోన్ చేస్తే, "ఎవరైనా పర్లేదు మేడం, మీరు తప్ప" అన్నారు.

అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని, పెన్ను సంచిలో వేసుకుని, రేపటికి ఇవాళే తయారైపోయారు.

"నన్ను ఏం అడుగుతారు అత్తయ్యా?"

"ఏమీ అడగను. సంతకం అయ్యేదాకా నువ్వు నోరెత్తకు, అంతే. నోరెత్తావంటే నిన్ను నువ్వే ఆపేసుకుంటావు."