నీల చెప్పలేదు

బాన్సువాడ,
జనవరి 19, 2025, ఆదివారం.

చిరంజీవి నీలకు,

సాంబమూర్తి తాత ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద. అందరూ క్షేమమే, నేనొక్కణ్ణి తప్ప. మీ తండాలో అందరూ బాగున్నారని, మీ మేక ఈనిందని మీ నాన్న ఫూల్‌సింగ్ చెప్పాడు.

నిన్ను నర్సింగ్ కాలేజీ నుంచి పంపేసిన సంగతి కూడా ఆయనే చెప్పాడు. మా గుమ్మంలో నిలబడి, పటేలా, బిడ్డ అన్నం తింటలేదు, డ్రెస్సు ఉతికి మడతపెట్టి పెట్టెల పెట్టింది, ఇగ తియ్యనంటది అని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నిన్ను పరీక్షకు కూర్చోనివ్వరట. రోగికి జబ్బు పేరు చెప్పడం డాక్టరు పని, ట్రైనింగు పిల్ల పని కాదట. నువ్వు నాకు చెప్పావట, హద్దు దాటావట. ఫిర్యాదు చేసింది మా వాడు వెంకటనారాయణ. అందుకే ఈ ఉత్తరం. ఎవరికైనా చూపించు. ముందుగా మీ ప్రిన్సిపాల్ మేడమ్‌కి చూపించు.

అసలు సంగతికి ముందు నా ఇంగ్లీషు సంగతి చెప్పాలి. చెప్పకపోతే మేడమ్ నమ్మదు. మా నాన్న గుంటూరు వైపు నుంచి నిజాంసాగర్ కాలువ నీళ్లు వెతుక్కుంటూ వచ్చినప్పుడు నా బడి అక్కడే ఆగిపోయింది. నాకు ఇంగ్లీషు నేర్పింది పురుగుమందు డబ్బాలు. పాయిజన్ అన్నది నేను కూడబలుక్కున్న మొదటి మాట. ఆ తర్వాత ఎరువు సంచులు, మోటారు పంపుల గ్యారంటీ కాగితాలు. గ్యారంటీ కాగితం శ్రద్ధగా చదివినవాడికి సగం లాయరు చదువు వచ్చినట్టే. పైన పెద్ద అక్షరాల్లో మాట ఇస్తారు, అడుగున చిన్న అక్షరాల్లో వెనక్కి తీసుకుంటారు.

అలాంటి పండితుడి ఇంట్లో నువ్వు మేడమీద గది కిరాయికి దిగావు. పొద్దున్నే మెట్ల మీద కూర్చుని ఉప్మా తింటూ నా చేతిలో నీ నర్సింగ్ పుస్తకం పెట్టి, అడుగు తాతా అనేదానివి. మందుల చీటీలో ఓడీ అంటే రోజుకొకసారి. బీడీ అంటే రోజుకు రెండుసార్లు. అయితే బీడీ డాక్టర్లే రాస్తుంటే మా కోడలు నన్నెందుకు పెరట్లోకి తరుముతుంది అన్నాను. గిసొంటియి పరీక్షల రాస్తే సున్నా ఏస్తరు తాతా అన్నావు. ఎన్‌పీఓ అంటే నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు. మా కోడలు సిరీష చేసిన ఉప్మా ముందు పెట్టుకుని ఆ మాట ఇద్దరం మనసులోనే అనుకున్నాం.

తర్వాత చట్టం పాఠం వచ్చింది. సమ్మతి అంటే సంతకం కాదు, రోగికి అర్థమయ్యేలా చెప్పి అతని ఇష్టం తెలుసుకోవడం. తన ఒంటికి రోగే యజమాని. ఈ చివరి వాక్యం నీకు నోటికి రాకపోతే వల్లె వేయించాను. బస్సు తప్పిపోయేదాకా వేయించాను.

కార్తీకంలో నాకు కళ్లు పచ్చబడ్డాయి. నువ్వు ట్రైనింగు చేస్తున్న దవాఖానలోనే చేర్పించారు. డాక్టరు మా వాణ్ణి వరండాలోకి పిలిచి ఏదో చెప్పాడు. వాడు లోపలికొచ్చి, గ్యాస్ అట నాన్నా అన్నాడు. అప్పట్నుంచి అందరికీ గ్యాసే. మన వైపు జబ్బు పేరు రోగికి తప్ప అందరికీ చెబుతారు, దాన్ని ప్రేమ అనుకుంటారు. బీర్కూర్ పొలం కౌలుకు చేసే హన్మాండ్లు వచ్చి, గ్యాసే పటేలా, జర వాము నములు అని గోడవైపు తిరిగి ముక్కు చీదాడు. వెంకటనారాయణ నా కాళ్ల దగ్గర కూర్చుని గోళ్లు తీశాడు. వాడు పుట్టి బుద్ధెరిగాక నా కాలు ముట్టింది ఆ రోజే. వాముకు తగ్గే గ్యాస్‌కి ఇంత సేవ జరగదని నాకప్పుడే అనుమానం వచ్చింది.

ఇక నాకెలా తెలిసిందో రాస్తున్నాను. పొద్దున రౌండ్‌కి వచ్చిన డాక్టరు నా మంచం పక్కనే నిలబడి, సీఏ ప్యాంక్రియాస్, లివర్ మెట్స్ అని తన జూనియర్‌తో అన్నాడు. పంచె కట్టిన ముసలాడికి ఏం తెలుసులే అనుకుని ఉంటాడు. సీఏ అంటే క్యాన్సర్, ప్యాంక్రియాస్ అంటే క్లోమం, మెట్స్ అంటే వేరేచోటికి పాకిందని. అవి నేను మెట్ల మీద నిన్ను అడిగినవే. అప్పుడు నువ్వా వార్డులోనే లేవు. తర్వాత నిన్ను నిలదీస్తే, డాక్టర్ సాబ్‌ను అడుగు తాతా అని తప్పుకున్నావు. నీ మీద నాకు కోపం కూడా వచ్చింది.

మర్నాడు, నేను హైదరాబాద్ రాను, కోతలూ కుట్లూ వద్దు, ఇంటికి తీసుకుపోండి అన్నాను. ఎవరు చెప్పారు నాన్నా అని మా వాడు అరిచాడు. అప్పుడే నువ్వు మందుల ట్రేతో వచ్చావు, నీ కళ్లు ఎర్రగా ఉన్నాయి. అంతే, నీ మీద పడ్డాడు. మనిషి కళ్లు ఎర్రబడటానికి ఆ దవాఖానలో కారణాలే కరువా?

వాణ్ణి తిట్టుకోకు. ఫిర్యాదు వెనక్కి తీసుకోరా అంటే, నా చేత ఆ జబ్బు పేరు అనిపించకు నాన్నా అని లేచి వెళ్లిపోతున్నాడు. నేను పోతానన్న కోపం ఎవరిమీదో ఒకరిమీద చూపించాలి కదా, నువ్వు దొరికావు.

యాసంగికి నీళ్లు వదిలారు. నన్ను కారులో పడుకోబెట్టి పొలం చూపించారు. నాట్లు పడుతున్నాయి. ఆ వడ్లు నేను చూడను.

కనుక నీల నాకు జబ్బు సంగతి చెప్పలేదు. స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టంతో రాస్తున్నాను.

ఇట్లు,
దీవెనలతో నీ తాత,
సాంబమూర్తి

తా.క. ఈ ముక్క చించి పొయ్యిలో వేసి, మిగతాది మేడమ్‌కి ఇవ్వు.

పైన రాసింది నోటికి నేర్చుకో. డాక్టరు నా మంచం దగ్గర నోరు విప్పిందే లేదు. బీడీ తప్ప నాకేదీ గుర్తులేదమ్మా. సీఏ, మెట్స్ నువ్వు గదిలో వదిలేసిన పుస్తకంలో నిన్న వెతికి పట్టుకున్నాను.

నువ్వు సెలైన్ మారుస్తుంటే అడిగాను. డాక్టర్ సాబ్‌ను అడుగు అన్నావు. ఒంటికి యజమాని ఎవరే అన్నాను. గొట్టంలో చుక్కలు సరిచేశావు. తర్వాత నా చెవి దగ్గర వంగి, తాతా, గది గ్యాస్ కాదు, క్యాన్సర్, లివర్ దాకా పోయింది, నయం గాదు, అబద్ధం చెప్పుమంటే నాతోని గాదు అన్నావు. వచ్చినవాళ్లంతా నన్ను అప్పుడే పోయినవాడిలా చూశారు. బతికున్న మనిషితో మాట్లాడింది నువ్వే.

మేడమ్ నమ్ముతుందని నాకు ఆశ లేదు. నమ్మితే, నువ్వు చేసిన ఆ మంచిపని జరగనే లేదని తేలుతుంది. నేను పోయాక అది జరిగిందని చెప్పేవాళ్లు ఉండరు.

ఒకవేళ మళ్లీ వార్డుకి వెళితే, నాలాంటివాడు అడిగితే, డాక్టర్ సాబ్‌ను అడగమను. రెండోసారి అడిగితే వినబడనట్టు వెళ్లిపో. నీ చేత ఆ వాక్యం వల్లె వేయించిన నేనే ఈ మాట చెబుతున్నాను.

మేడమ్ ముందు ఏడవకు. నిన్ను పట్టిచ్చింది నీ కళ్లే.