గ్యాస్ గోలీలు కావవి

మణుగూరు,
ఆదివారం.

అక్కకు నీ తమ్ముడు రాజు నమస్కారాలు. బావకు, అమ్మకు కూడా. చిన్నిదానికి ముద్దులు. మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? నేను బాగున్నాను. అందరూ ఊరికే రాసే బాగున్నాను కాదిది. వేళకు తింటున్నాను, కంటినిండా నిద్రపోతున్నాను, గోలీ ఒక్క పూట కూడా మానలేదు. నువ్వు ముందుగా వెతికేది ఈ కబురే కాబట్టి ముందే రాశాను.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. మన తల్లాడ వైపు వాన పడితే చేలు తడుస్తాయి, ఇక్కడ బొగ్గుపొడి నల్ల బురదయి చెప్పుల్లోంచి వేళ్ళ సందుల్లోకి ఎక్కుతుంది. ఎంత తోమినా గోళ్ళు నల్లగానే ఉంటాయి. గనిలో బొగ్గు మోసే డంపర్ల షెడ్డులో పని అలవాటైంది. ఒక్కో టైరు నాకన్నా ఎత్తు. నిద్ర చెడగొట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది కదా, అందుకని అడిగి పొద్దుటి డ్యూటీయే వేయించుకున్నాను. నైట్ డ్యూటీ చెయ్యనని షెడ్డులో నాకు దొరబాబు అని పేరు పెట్టారు. పెట్టుకోనీ. కిరాయి రూములో నేనూ ఐలయ్యా ఇద్దరమే, ఇద్దరిదీ ఒకే షెడ్డు. వంట వంతులవారీగా చేసుకుంటాం. అతడు వండిన పప్పు తిన్న రోజు ఇల్లు మరీ గుర్తొస్తుంది. ఇటు వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక సీసాడు చింతకాయ తొక్కు పంపించు.

అమ్మకు ఇక్కడిదాకా చదివి వినిపించి ఆపు. మిగతాది నువ్వొక్కదానివే చదువుకో. ఫోన్‌లో చెబుదామంటే ఎస్టీడీ బూత్‌లో నా వెనక ఎప్పుడూ నలుగురు నిలబడి ఉంటారు.

పోయిన ఆదివారం ఐలయ్య బలవంతం మీద మ్యాట్నీకి పోయాను. కొత్త ప్రేమ సినిమా. పేరు రాయను, రాస్తే నువ్వు పోయి చూస్తావేమో. అందులో హీరోయిన్‌కు మనసు చెదురుతుంది. చెదరడమంటే ఏమనుకున్నావు? చీర నలగదు, కాటుక చెరగదు, జుట్టు మాత్రం విరబోసుకుని పూలతో మాట్లాడుతుంది. ఆమెను దవాఖానాలో వేస్తారు. ఆ దవాఖానా చూడాలి నువ్వు! ఒకడు నెత్తిన గిన్నె బోర్లించుకుని పోలీసునంటాడు. ఒకడు చీపురు పట్టుకుని బస్సు నడుపుతాడు. ఇంకొకడు కత్తి పట్టుకుని నర్సు వెంట పడతాడు. హాలంతా ఈలలు.

నేనున్న వార్డులో ఎవడూ బస్సు నడపలేదక్కా. సగం మంది గోడవైపు తిరిగి పడుకునేవాళ్ళు. మందుకు నోరు ఎండిపోయేది, చేతులు వణికేవి, చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాళ్ళం. నా పక్క మంచం మీద ఒక బడిపంతులు ఉండేవాడు, నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వు తెచ్చిన జామకాయల్లో ఒకటి ఎప్పుడూ ఆయనకు ఇచ్చేదానివి. రోజూ పొద్దున్నే తల దువ్వుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, గేటు కనిపించే కిటికీ దగ్గర కూర్చునేవాడు. నేనున్నన్నాళ్ళూ ఆయన కోసం ఎవరూ రాలేదు. "గోలీ మింగినంక సిస్టర్ నోరు తెరువుమంటది. సిగ్గువడకు కొడుకా, తెరువు," అని నాకు ధైర్యం చెప్పింది ఆయనే. అట్లాంటి మనిషిని తెర మీద నిలబెట్టి నెత్తిన గిన్నె బోర్లించారు వాళ్ళు. సిగ్గులేని మనుషులు. డబ్బిచ్చి చూసి ఈలలు వేసినవాళ్ళూ అంతే.

ఇంటర్వెల్‌లో ఐలయ్య మిరపకాయ బజ్జీ నములుతూ, "గా చీపురోడు మస్తు చేసిండురా! నువ్వేంది, నవ్వుతలేవు?" అన్నాడు.

"నవ్విన గదా," అన్నాను.

తర్వాత నిజంగానే నవ్వాను. గిన్నెవాడు మళ్ళీ వచ్చాడు, ఐలయ్య నా మొహం వైపు చూశాడు, నేను అందరికన్నా గట్టిగా నవ్వాను. సినిమా తీసినవాడి మీద పుట్టిన అసహ్యం ఒక ఎత్తు, నా నవ్వు నా చెవిన పడినప్పుడు పుట్టింది ఇంకో ఎత్తు. ఆ పంతులు నా పక్క సీటులో ఉన్నట్టే అనిపించింది.

చివరికి ఏమవుతుందో విను. హీరో ఆమెను దవాఖానా గోడ దూకించి తీసుకుపోతాడు. గోలీల సీసా వాగులోకి విసిరేస్తాడు. వానలో తాళి కడతాడు. తెల్లారేసరికి ఆమెకు అన్నీ గుర్తొస్తాయి, ముగ్గు వేస్తూ నవ్వుతుంది. హాల్లో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నాకు మాత్రం నీ పోయిన ఉత్తరం గుర్తొచ్చింది. అమ్మ చెప్పమన్నదని రాశావు కదా, కారేపల్లి పద్మ వాళ్ళకు నేను నచ్చానని, వచ్చే నెలలో లగ్గమని, దవాఖానా సంగతి వాళ్ళ చెవిన పడనీయొద్దని. "పెండ్లయితే అన్నీ సర్దుకుంటయి, గా గోలీలు సుత బంద్ జేయొచ్చు," అన్నదట. అమ్మ ఆ సినిమా చూడకుండానే కథంతా చెప్పేసింది.

అక్కా, నీ మోచేతి మీద మచ్చ ఉంది. మూడేళ్ళ కిందట, నాకు బాగైపోయిందనుకుని నెల రోజులు గోలీలు మానేశాను. నాలుగు రోజులు కంటికి నిద్ర లేదు. నువ్వు అన్నం కలిపి నోట్లో పెట్టబోతే నిన్ను తోసేశాను. గడప మీద పడ్డావు. నెత్తురు కారుతున్న చేత్తోనే లేచి మళ్ళీ ముద్ద కలిపావు. నన్ను వార్డులో వేసింది ఆ మర్నాడే. ప్రేమతో కుదిరే జబ్బయితే నాకు ఆ ముద్దతోనే కుదరాలి. నీకన్నా ఎక్కువ ప్రేమించే హీరో ఎక్కడున్నాడు?

మూడు రోజులు నాలో నేనే గింజుకుని, బుధవారం పొద్దున ఐలయ్య ముందే గోలీ వేసుకున్నాను. "ఇంక గ్యాస్ తగ్గలేదారా నీకు?" అన్నాడు. ఇన్నాళ్ళూ అతడికి గ్యాస్ గోలీలనే చెప్పుకొచ్చాను. కావని చెప్పాను. దేనికో, వార్డులో ఎన్నాళ్ళున్నానో అంతా చెప్పాను.

"మరి నువ్వు మంచిగనే ఉంటవు గదరా," అన్నాడు.

"గోలీలు ఏసుకుంటున్న గనుకనే మంచిగున్న," అన్నాను.

తల ఊపాడు. సాయంత్రం వంటకు చూస్తే కూరగాయల కత్తి లేదు. అప్పటి నుంచి ఉల్లిగడ్డలు అతడే కోస్తున్నాడు, గోడకు ఆనుకుని, నాకు వీపు చూపించకుండా. ఒకందుకు మేలే, కళ్ళనీళ్ళు అతడికే. నేను నవ్వుతూ రాస్తున్నాననుకోకు. మూడు నెలలు నా చేతి కూర తిన్న మనిషి, ఒక్క మ్యాట్నీతో నన్ను ఆ కత్తివాణ్ణి చేశాడు.

ఇది చూశాక కూడా నిన్ను ఒకటి అడుగుతున్నాను. బావ ముహూర్తం పెట్టించకముందే నువ్వు కారేపల్లి పో. ముందు పద్మతో మాట్లాడు, తర్వాత వాళ్ళ నాన్నతో. ఈ కవరులో ఖాళీ గోలీల పట్టీ ఒకటి పెట్టాను, వెనకాల మందు పేరు ఉంది. ఆమె చేతికివ్వు. ఎవరైనా డాక్టరుకు చూపించి అడగమను. కట్టుకున్నదానికి కనబడకుండా మింగడం ఎన్నాళ్ళో నావల్ల కాదు, ఏదో ఒకరోజు మానేస్తాను. మానేస్తే ఏమవుతుందో నీ మోచెయ్యి చూపించు. ఆమె వద్దంటే నాకు కోపం లేదు, మనవాళ్ళు కూడా ఆమెను ఒక్క మాట అనొద్దు. అవ్ అంటే మాత్రం అన్నీ తెలిసి అనాలి.

పెద్దవాళ్ళందరికీ నా దండాలు చెప్పు. అమ్మ పాదాలకు మొక్కానని చెప్పు, నువ్వూ దీవించు. నా గురించి బెంగ వద్దు. తింటున్నాను, నిద్రపోతున్నాను, గోలీ మానలేదు.

ఇంకొక్క మాట. పైన అమ్మకు చదవడం ఆపమన్నాను చూడు, ఇప్పుడే దాని మీద గీత కొట్టాను. అంతా చదువు. కత్తి సంగతి దగ్గర అమ్మ ఏడుస్తుంది. అయినా ఆపకు.

నీ తమ్ముడు,
రాజు